టెక్ సందేహాలు: ట్యాంక్ మీది, యాప్ ఎవరిది?

ఉప్పునీటి రీఫ్ ట్యాంకుల మీద ప్రశ్నలు ఈ మధ్య బాగా పెరిగాయి. లక్షలు పోసి హాల్లో కట్టుకున్న సముద్రం, అందులో ప్రాణమున్న చేపలు, కోరల్స్, వాటన్నింటినీ నడిపేది ఫోన్‌లో ఒక యాప్. అది మొరాయించగానే ఉత్తరం నాకు వస్తుంది. అందుకే ఈసారి మిగతావి పక్కనపెట్టి వీటికే జవాబులిస్తున్నాను. ఉప్పు ఎంత కలపాలి, క్లౌన్ ఫిష్ పక్కన ఏది బతుకుతుంది లాంటివి మాత్రం నన్ను అడగొద్దు.

ప్ర: మా హాల్లో నాలుగడుగుల రీఫ్ ట్యాంక్ ఉంది. లైట్లు, పంపులు నడిపే కంట్రోలర్, కెమెరా, స్మార్ట్ ప్లగ్గులు అన్నీ షాపు కుర్రాడే బిగించాడు. లైట్ల టైమ్ మారుద్దామంటే యాప్ 'మీకు అనుమతి లేదు' అంటోంది. ఆ అబ్బాయి షాపు మానేశాడట, ఫోన్ ఎత్తడం లేదు. (కొండాపూర్ పాఠకురాలు)

జ: మీరు అడిగింది లైట్ల సంగతి. నాకు మాత్రం మీ హాల్లోని కెమెరా గురించి భయమేస్తోంది. దాని యజమాని మీరు కాదు, ఆ కుర్రాడు.

సీసీ కెమెరాల విషయంలో ఏళ్లుగా వింటున్న ఫిర్యాదే ఇది, ఇప్పుడు చేపల తొట్టి దాకా వచ్చింది. బిగించడానికి వచ్చినతను తొందరలో ఉంటాడు. మీ మెయిల్ అడిగి, ఓటీపీ వచ్చేదాకా ఆగే ఓపిక ఉండదు. తన ఫోన్‌లో యాప్ ఎటూ ఉంది, లాగిన్ ఎటూ ఉంది. మీ కంట్రోలర్‌ను దానికే తగిలించి, మిమ్మల్ని 'ఫ్యామిలీ మెంబర్'గా చేర్చి, ఇచ్చిన టీ తాగి వెళ్లిపోతాడు. డబ్బు కట్టింది మీరు, మెంబర్ కూడా మీరే.

అతను చెడ్డవాడని అనడం లేదు. చెడ్డవాడు కానక్కర్లేదు కూడా. ఆ అకౌంట్‌లో మీ ఇల్లొక్కటే ఉండదు. అతను చేయి పెట్టిన ప్రతి ఇల్లూ, ప్రతి క్లినిక్కూ, ప్రతి హోటల్ లాబీ ఉంటాయి. అదే పాస్‌వర్డ్ మరో నాలుగు చోట్ల వాడి ఉండొచ్చు, వాటిలో ఒకటి ఎప్పుడో లీకై ఉండొచ్చు. పాత ఫోన్ లాగౌట్ చేయకుండా అమ్మేసి ఉండొచ్చు. ఆ ఫోన్ కొన్నవాడికి మీ టాంగ్ చేపతో పాటు దాని వెనక సోఫా, సోఫాలో పిల్లలు, మీరు ఇంటికి తాళం వేసి ఊరెళ్లిన రోజులు కూడా కనిపిస్తాయి.

ముందుగా యాప్‌లో కనిపించే ప్రతి షెడ్యూల్‌కూ, ప్రతి డోసుకూ స్క్రీన్‌షాట్ తీసుకోండి. తర్వాత పరికరాలను రీసెట్ కొట్టి మీ అకౌంట్‌లో కొత్తగా చేర్చాలి, రీసెట్ కొడితే ఆ సెట్టింగులన్నీ పోతాయి. ఆ పని పొద్దున్నే మొదలుపెట్టండి. నీటిని ట్యాంకులోకి తిరిగి తోసే రిటర్న్ పంపు, అలలు పుట్టించే వేవ్‌మేకర్ నేరుగా గోడ సాకెట్‌కు మార్చండి, కోరల్స్‌కు కావాల్సిన ద్రావణాలను కొలిచి పోసే డోసింగ్ పంపును ఆ పూటకు ఆపేయండి. రీసెట్ బటన్ నొక్కినా కొన్ని పరికరాలు పాత అకౌంట్‌ను వదలవు, ఎందుకంటే ఆ ముడి ఉన్నది కంపెనీ సర్వర్‌లో. అప్పుడు బిల్లు, సీరియల్ నంబర్ ఫొటో జతచేసి కంపెనీకి రాయాల్సిందే. బిల్లు కూడా లేదంటారా, షాపు యజమాని ముందు కూర్చోండి. మానేసింది కుర్రాడే గానీ షాపు కాదు కదా.

అకౌంట్ మీ పేరు మీదికి వచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. మీ వై-ఫై పాస్‌వర్డ్ అతనికి తెలుసు, మార్చండి. రౌటర్ పేజీలో పోర్ట్ ఫార్వర్డింగ్ లేదా వర్చువల్ సర్వర్ అన్న చోట ఏవైనా ఎంట్రీలు ఉన్నాయేమో చూసి, ఉంటే తీసేయండి. బయటి ఊళ్ల నుంచి కంట్రోలర్ కనబడాలని కొందరు అక్కడ ఒక పోర్టు తెరిచి అలాగే వదిలేస్తారు. అలా తెరిచి ఉన్న పోర్టులను వెతికే ప్రోగ్రాములు ఇంటర్నెట్‌లో రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే పరికరాలు మిమ్మల్ని అడగకుండానే ఆ తలుపు తీయగలవు, దాన్నీ ఆపేయండి. ఇక ట్యాంకు సరంజామా మొత్తాన్ని గెస్ట్ నెట్‌వర్క్‌లోకి మార్చండి. బ్యాంకు పనులు చేసే ఫోన్, ఆఫీసు ల్యాప్‌టాప్ ఉన్న చోట చేపల తొట్టికి ఏం పని?

ఇదంతా అతి జాగ్రత్త అనిపిస్తే ఓ పాత కేసు చెబుతాను. 2017లో డార్క్‌ట్రేస్ అనే బ్రిటన్ సైబర్ భద్రతా సంస్థ బయటపెట్టింది. ఉత్తర అమెరికాలో ఒక క్యాసినోలో పెద్ద అక్వేరియం ఉంది. నీటి వేడి, మేత, శుభ్రత చూసుకోవడానికి దాన్ని ఇంటర్నెట్‌కు కలిపారు. దొంగలు ఆ తొట్టిలోంచే క్యాసినో నెట్‌వర్క్‌లోకి దూరారు. ఫిన్‌లాండ్‌లోని ఒక పరికరానికి 10 జీబీ డేటా వెళ్లిపోయింది. అంతకు ముందు ఏడాది, 2016లో, మిరాయ్ అనే మాల్‌వేర్ ఇంటి కెమెరాలను, రౌటర్లను లక్షల్లో వశం చేసుకుంది. దానికి పెద్ద తెలివితేటలేమీ అక్కర్లేకపోయింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జంటలు ఓ అరవై చిల్లర దాని దగ్గర ఉన్నాయి, ఒక్కొక్కటీ ప్రయత్నించింది. అక్టోబర్ 21న ఆ మంద, వెబ్‌సైట్ల చిరునామాలు చూపించే డైన్ అనే కంపెనీ మీద పడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో గంటల తరబడి అందలేదు. మీ రౌటర్ పాస్‌వర్డ్ ఇంకా 'అడ్మిన్' అయితే ఈ పేరా మరోసారి చదవండి.

కెమెరాను హాలు వైపు కాకుండా కింద క్యాబినెట్‌లో సంప్ (నీటిని శుద్ధి చేసే కింది తొట్టి) వైపు తిప్పండి. ఊళ్లో లేనప్పుడు నీళ్లు కారుతున్నాయా, పంపు తిరుగుతోందా అని తెలియాల్సింది అక్కడే.

లైట్ల టైమా? అకౌంట్ చేతికొచ్చాక అర నిమిషం పని.

ప్ర: కంట్రోలర్ రాత్రికి రాత్రి తనంతట అదే అప్‌డేట్ అయింది. రాత్రి 8కి ఆరాల్సిన లైట్లు ఒకటిన్నర దాకా వెలుగుతున్నాయి. డోసింగ్ పంపు ఒకే రోజు రెండుసార్లు పోసింది. నేనేమైనా తప్పు నొక్కానా? (విశాఖపట్నం పాఠకుడు)

జ: మీరేమీ నొక్కలేదు. ఎనిమిదికీ ఒకటిన్నరకూ మధ్య ఐదున్నర గంటలు. మన గడియారానికీ గ్రీనిచ్ గడియారానికీ ఉన్న తేడా సరిగ్గా అంతే. అప్‌డేట్ మీ టైమ్ జోన్ చెరిపేసింది. సెట్టింగ్స్‌లో మళ్లీ ఎంచుకోండి. పరికరానికి పగలు ఎప్పుడో కూడా గుర్తు లేకుండా చేసిన అప్‌డేట్‌లో 'స్థిరత్వం మెరుగుపరిచాం' అని రాసి ఉంటుంది, చూడండి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది.

లైట్ల కంటే రెండో ముచ్చట భయంకరం. రీస్టార్ట్ అయ్యాక ఆ పంపుకు ఈరోజు డోసు ఇచ్చానా లేదా అన్నది గుర్తులేదు. గుర్తులేనప్పుడు ఊరుకోవాలి, అది మళ్లీ పోసింది. కోరల్స్ ఉన్న నీటిలో ఆల్కలినిటీ (క్షారత) ఒక్కసారిగా ఎగబాకితే గట్టి కోరల్స్ కొసలు కాలిపోతాయి. సున్నపు తేట పోసే పంపైతే మరీ ప్రమాదం. దాని పీహెచ్ 12 దాటుతుంది, ట్యాంకులో ఉండాల్సింది 8 చిల్లర. ఇలాంటి పంపుకు ప్రోగ్రాం రాసిన ఇంజనీరు జీవితంలో ఒక్క చేపనైనా పెంచాడా అని నా అనుమానం.

ఈ వర్గం పరికరాలన్నింటి మీదా నాకు ఇదే కోపం. హీటర్‌ను 25 డిగ్రీల దగ్గర ఆపడానికి ఇంటర్నెట్ ఎందుకు? సెన్సర్ ట్యాంకులో ఉంది, స్విచ్చి దానికి రెండడుగుల దూరంలో ఉంది, నిర్ణయం మాత్రం వేరే ఖండంలోని సర్వర్‌లో. 2025 అక్టోబర్ 20న అమెజాన్ క్లౌడ్ తూర్పు అమెరికా కేంద్రం తడబడితే ఎన్నో యాప్‌లతో పాటు కొందరి స్మార్ట్ పరుపులు కూడా మాట వినలేదు. పరుపు మాట వినకపోతే నిద్ర చెడుతుంది, అంతే. నీటిని చల్లబరిచే చిల్లర్ వినకపోతే ఏమవుతుందో మే నెలలో విజయవాడలో ట్యాంకు పెట్టినవాళ్లను అడగండి. పైగా పోయిన నెల ఉష్ణోగ్రత గ్రాఫ్ చూడాలంటే నెలనెలా చందా అంటున్నారు. నా నీళ్లు, నా సెన్సర్, నా కరెంటు, నా గ్రాఫుకు వాళ్లకు కప్పం.

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. ఇంటర్నెట్‌కు కలిపే ఇంటి వస్తువులను అన్నింటికీ ఒకే పాస్‌వర్డ్‌తో అమ్మకూడదు, భద్రతా అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో కొనేముందే చెప్పాలి. మన దగ్గర 2025లో సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు, మంచిదే. డోసింగ్ పంపు డబ్బా మీద అప్‌డేట్ల గడువు తేదీ చూసే రోజు కోసం ఎదురు చూస్తున్నాను. చేపల మేత డబ్బా మీద ఉన్నప్పుడు దీని మీద ఉంటే తప్పేమిటి?

మీ వరకు: ఆటో అప్‌డేట్ ఆపేసి, అప్‌డేట్‌ను మీరు ఇంట్లో ఉన్న ఆదివారం చేసుకోండి. భద్రతా అప్‌డేట్‌ను వారం కంటే వాయిదా వేయొద్దు. డోసింగ్ డబ్బాలో నాలుగైదు రోజులకు సరిపడేదే పోయండి. ఆవిరైన నీటిని భర్తీ చేసే డబ్బా విషయంలోనూ ఇంతే. 250 లీటర్ల ట్యాంకులో నీటిమట్టం చూసే సెన్సర్ ఇరుక్కుని 10 లీటర్ల మంచినీళ్లు పడితే ఉప్పు వెయ్యికి 35 వంతుల నుంచి 33.6కు దిగుతుంది, సర్దుకోవచ్చు. 50 లీటర్లు పడితే 29 దగ్గరికి పోతుంది.

ప్ర: నెల రోజులు ఇండియా వెళ్తున్నాం. 65 గ్యాలన్ల ట్యాంకు. హీటర్, రిటర్న్ పంపు స్మార్ట్ ప్లగ్‌కు పెట్టాం, ఫోన్‌లో అంతా కనిపిస్తుంది. సరిపోతుందా? (డాలస్ పాఠకుడు)

జ: చాలదు. ప్లగ్‌లో ఉండేది చిన్న రిలే, అంటే కరెంటుతో కదిలే స్విచ్చి. హీటర్ లాంటి బరువు లోడును రోజుకు ఇన్నిసార్లు కలిపి విడదీస్తుంటే దాని కొసలు ఒకనాటికి అతుక్కుపోతాయి. అప్పుడు యాప్‌లో 'ఆఫ్' అని ఉంటుంది, నీళ్లు మరుగుతుంటాయి. మీ నీటికి 300 వాట్ల హీటర్ ఆగకుండా కాలితే గంటకు దాదాపు ఒక డిగ్రీ సెల్సియస్ పెరుగుతుంది. పెద్దది ఒకటి కాకుండా చిన్నవి రెండు పెట్టండి, ఒకటి ఇరుక్కున్నా ఉడికించే శక్తి దానికి ఉండదు. వాటి ముందు నీటి వేడి కొలిచే సొంత ప్రోబ్ ఉన్న, వై-ఫై లేని థర్మోస్టాట్ ఉండాలి. వై-ఫై చూడటానికే.

కరెంటు పోయి వచ్చాక ప్లగ్ ఏ స్థితిలో లేవాలో యాప్‌లో ఒక సెట్టింగ్ ఉంటుంది. పంపుకు 'ఆన్', డోసింగ్‌కు 'ఆఫ్' అని ఇప్పుడే పెట్టండి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో మీ రాష్ట్రంలో రోజుల తరబడి కరెంటు లేదు, మీకు నేను చెప్పాలా? అలాంటప్పుడు చేపలను మొదట చంపేది చలి కాదు, ఆక్సిజన్ అందకపోవడం. బ్యాటరీ మీద నడిచే ఒక వేవ్‌మేకర్ ఉంచండి. రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టండి. ఇంటర్నెట్ పోతే హెచ్చరిక పంపేదీ ఉండదు కాబట్టి 'పరికరం ఆఫ్‌లైన్' అన్న అలర్ట్ ఆన్ చేసుకోండి. అక్కడ మధ్యాహ్నం రెండింటికి ఏదైనా చెడితే ఇక్కడ మీరు గాఢ నిద్రలో ఉంటారు. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా ఆ ఒక్క యాప్ మోగేలా చూసుకోండి.

మోగినా మీరు చేయగలిగేది పక్కింటివాళ్లకు ఫోన్ చేయడమే. తాళంచెవి, ఏ తీగ పీకాలో రాసిన కాగితం వాళ్లకిచ్చి రండి. మేతను రోజుకో గడి ఉన్న మాత్రల డబ్బాలో సర్దిపెట్టండి, లేకపోతే జాలిపడి గుప్పిళ్లతో వేస్తారు. యాప్‌లో వాళ్లకు చూసే హక్కు మాత్రమే ఇవ్వండి. మీ లాగిన్ ఇవ్వొద్దు, కొండాపూర్ ఉత్తరం పైనే ఉంది.

ప్ర: చిల్లర్‌ను స్మార్ట్ ప్లగ్‌తో అరగంటకోసారి ఆన్, ఆఫ్ చేయొచ్చా, కరెంటు బిల్లు తగ్గుతుందని? (మియాపూర్)

జ: వద్దు. అందులో ఉన్నది ఫ్రిజ్‌లో ఉన్నలాంటి కంప్రెసరే. ఎప్పుడు ఆగాలో దాని సొంత థర్మోస్టాట్‌కు తెలుసు. మీ ప్లగ్ 6 ఆంపియర్లదైతే చిల్లర్ స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే కరెంటుకు అదే ముందు కాలిపోవచ్చు. బిల్లు తగ్గాలంటే ఫ్యాన్‌తో నీటి మీదికి గాలి కొట్టించండి.

ప్ర: లైటు యాప్ లొకేషన్ అడుగుతోంది. ఇవ్వాలా? (నెల్లూరు)

జ: ఆండ్రాయిడ్ 11 దాకా చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను వెతకాలన్నా లొకేషన్ అనుమతి కావాల్సిందే, ఆ తప్పు యాప్‌ది కాదు. ఆండ్రాయిడ్ 12 నుంచి 'దగ్గరలోని పరికరాలు' అని వేరే అనుమతి వచ్చింది. మీ ఫోన్ కొత్తదై, యాప్ ఇంకా లొకేషనే అడుగుతుంటే దాన్ని రాసినవాళ్లు బద్ధకస్తులో, మీ జాడ కావాల్సినవాళ్లో. ఒకసారికి ఇచ్చి, లైటు కలిశాక వెనక్కి తీసుకోండి.

ప్ర: వాట్సాప్ గ్రూపులో మన్నార్ సింధుశాఖ కోరల్స్ చవగ్గా ఇస్తామంటున్నారు. అడ్వాన్స్ యూపీఐలో పంపమంటున్నారు. నమ్మొచ్చా?

జ: డబ్బు పంపగానే బ్లాక్ చేస్తే అదృష్టవంతులు. నిజంగా సరుకు పంపితే ఇంకా కష్టం. రీఫ్ కట్టే గట్టి కోరల్స్ మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, అంటే పులితో సమానం. సముద్రం నుంచి తీయడం, అమ్మడం, కొనడం అన్నీ నేరమే. ఆ చాట్ మీ ఫోన్‌లోనే సాక్ష్యంగా ఉంటుంది.

ప్ర: కోరల్స్ ఫొటో తీస్తే అంతా నీలమే. ఎడిటింగ్ యాప్ ఏదైనా చెప్పండి.

జ: ఏ యాప్ పనిచేయదు. మీ లైట్లు 420, 450 నానోమీటర్ల దగ్గర నీలి వెలుగు కుమ్మరిస్తుంటే ఫోన్ సెన్సర్‌లో నీలం ఛానల్ నిండి పొర్లిపోతుంది, తక్కిన రంగుల సమాచారం సరిగా నమోదే కాదు. లేనిదాన్ని యాప్ ఎక్కణ్నుంచి తెస్తుంది? ఫొటో తీసే పది నిమిషాలు తెల్ల లైటు పెంచండి, ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ను 10,000 కెల్విన్‌కు తోయండి. కోరల్స్ నీలి వెలుగులో మెరిసే రంగులే కావాలంటే లెన్స్ ముందు నారింజ ఫిల్టర్ పెట్టుకోండి. ఫొటోలో గీతలు వస్తుంటే లైటు మసక చేయడానికి వేగంగా ఆరి వెలుగుతోందని అర్థం. షట్టర్‌ను సెకనుకు యాభయ్యో వంతుకు దించండి, చేప మాత్రం కదలకుండా ఉండాలి.