కోడింగ్ సరే, ఆ డేటా ఎక్కడ పుట్టిందో తెలుసా?

ప్రశ్న: ఫార్మ్ డి పూర్తయింది. రియల్ వరల్డ్ ఎవిడెన్స్ (మామూలు వైద్యంలో పోగైన డేటాతో మందుల ఫలితాలు తేల్చడం) ఉద్యోగాలకు చూస్తున్నాను. ప్రకటనల్లో గణాంకాలకు వాడే శాస్, ఆర్, డేటాబేస్ నుంచి డేటా తీసే ఎస్‌క్యూఎల్ అన్నీ అడుగుతున్నారు. ఏది ముందు? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఎస్‌క్యూఎల్ ముందు. ఆ తర్వాత ఆర్, శాస్‌లలో ఒక్కటి చాలు. అయితే ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టేది మీ ఫార్మసీ చదువే, దాన్ని పక్కన పెట్టేయకండి.

ఈ ఉద్యోగాల్లో ఎక్కువగా చూసేది క్లెయిమ్స్ డేటా, అంటే చికిత్స ఖర్చు కోసం బీమాకు పంపిన బిల్లుల వివరాలు. అది పుట్టింది బిల్లు కోసం, పరిశోధన కోసం కాదు. షుగరు ఉందేమోనన్న అనుమానంతో డాక్టరు రక్తపరీక్ష రాసినా బిల్లులో ఆ జబ్బు కోడ్ పడిపోవచ్చు. అందుకే ఒక్క వరుస చూసి రోగి అనేయరు. ఒక ఇన్‌పేషెంట్ క్లెయిమ్ గానీ, కనీసం 30 రోజుల ఎడంతో రెండు ఔట్‌పేషెంట్ క్లెయిములు గానీ ఉండాలన్నది తరచూ వాడే నియమం. మందుల లెక్కా అంతే. జనవరి 1న 30 రోజుల మాత్రలు కొన్న మనిషి మళ్లీ ఫిబ్రవరి 10న కొంటే మధ్యలో 10 రోజుల ఖాళీ. మందు మానేశాడా? ఆస్పత్రిలో ఉండి అక్కడిచ్చినవి వేసుకున్నాడేమో, చేతి డబ్బుతో కొన్నాడేమో. ఎన్ని రోజుల ఖాళీ దాటితే మానేసినట్టో డేటా తెరవకముందే ప్రోటోకాల్‌లో, అంటే పరిశోధన ప్రణాళికలో రాయాలి.

సాధనకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌ను నడిపే సంస్థ ఉచితంగా ఇచ్చే 2008-2010 కృత్రిమ క్లెయిమ్స్ ఫైళ్లు దించుకోండి. అందులో డయాబెటిస్‌కు ఇ11 అని వెతికితే ఒక్క వరుసా రాదు. ఇ11 అనేది టైప్ 2 డయాబెటిస్‌కు ఐసీడీ-10 అనే జబ్బుల కోడ్ జాబితాలోది. అమెరికా ఆ జాబితాకు మారింది 2015 అక్టోబరు 1న. అంతకుముందు కోడ్ 250, టైప్ 1, టైప్ 2 రెండూ దానికిందే. ఏ రకమో ఐదో అంకె చెబుతుంది. ఈ ఫైళ్లు చేయి తిరగడానికే. వాటిలో తేలినదాన్ని వైద్య సత్యంగా రెజ్యూమేలో రాయకండి.

ప్రశ్న: గుండెపోటు తర్వాత ఏడాదిలోపు ఒక మందు మొదలుపెట్టినవాళ్లనీ, పెట్టనివాళ్లనీ డిశ్చార్జి రోజు నుంచి పోల్చాను. మరణాలు సగానికి తగ్గాయి. మా సీనియర్ నమ్మడం లేదు. – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నమ్మకపోవడమే సరి. 200వ రోజున మందు మొదలుపెట్టాలంటే 200 రోజులు బతికి ఉండాలి కదా! 20వ రోజునే పోయినవాళ్లు కొనే అవకాశమే లేక ‘వాడనివాళ్ల’ పద్దులో పడ్డారు. మందు ఏమీ చేయకపోయినా గెలుస్తుంది. చనిపోయే వీల్లేని కాలాన్ని మందు ఖాతాలో వేయడం వల్ల వచ్చే ఈ తప్పునే ఇమ్మోర్టల్ టైమ్ బయస్ అంటారు. గణాంక పద్ధతి ఎంత ఖరీదైనదైనా దీన్ని దాచలేదు.

అదే జబ్బుకు వాడే మరో మందును పోలికకు తీసుకుని, రెండు గుంపులకీ మొదటిసారి మందు కొన్న రోజునే సున్నా రోజుగా, అంటే లెక్క మొదలయ్యే రోజుగా పెట్టండి. అంతకుముందు ఏడాదిలో ఆ రెండింటిలో ఏది వాడినా వాళ్లను తీసేయండి. తగిన పోలిక మందు దొరక్కపోతే 200వ రోజున మొదలుపెట్టిన మనిషికి ఆ మొదటి 200 రోజులను ‘వాడని కాలం’గానే లెక్కగట్టాలి. పరిశోధకులు హెర్నాన్, రాబిన్స్ 2016లో వివరించిన టార్గెట్ ట్రయల్ పద్ధతి నేర్చుకోండి. ఇదే పరిశోధనను ట్రయల్‌గా చేస్తే ఎవరిని, ఏ రోజున చేర్చుకునేవాళ్లమో ముందు కాగితం మీద పెట్టడమే అందులో సగం పని. కొత్తవాళ్ల శిక్షణలో ఎక్కువగా ఎగరగొట్టేదీ అదే.

ప్రశ్న: ఆరోగ్యశ్రీ క్లెయిములతో షుగరు మందుల మీద థీసిస్ చేయొచ్చా? – ఎంపీహెచ్ (ప్రజారోగ్యం) విద్యార్థి, వరంగల్

జవాబు: కష్టం. 2007లో మొదలైన ఆ పథకం ప్రధానంగా ఆస్పత్రిలో చేర్చి చేసే చికిత్సలకు. నెలనెలా మందుల షాపులో కొనే మాత్రలు అందులో కనిపించవు. గుండె స్టెంట్ వేశాక మళ్లీ ఆస్పత్రిలో చేరినవాళ్లెందరు లాంటి ప్రశ్నైతే నప్పుతుంది. డేటా అనుమతికీ, ఎథిక్స్ కమిటీకీ మొదటి సెమిస్టర్‌లోనే దరఖాస్తు పెట్టండి.