టేకాఫ్ అవగానే ఇంజిన్ ఆగిపోతే, వెనక్కి తిప్పి రన్‌వే మీద ఎందుకు దించరు?

మీ తమ్ముడు హైదరాబాద్‌లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరాడని, పాటియాలా ప్రమాదం గురించి తెలిసినప్పటి నుంచి విజయవాడలో మీ అమ్మగారికి ఒకటే టెన్షన్ అని రాశారు. 2020 ఫిబ్రవరి 24న అక్కడ ఎన్‌సీసీ వాళ్ల రెండు సీట్ల మైక్రోలైట్ (చాలా తేలికైన చిన్న విమానం) లేచిన కాసేపటికే కంటోన్మెంట్ ప్రాంతంలో కూలింది. ఎయిర్‌ఫోర్స్ అధికారి చనిపోయారు, క్యాడెట్ గాయాలతో బయటపడ్డాడు. రన్‌వే వెనకే ఉంది కదా, తిప్పేయొచ్చుగా అన్నది మీ ప్రశ్న.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా చేసి, రిటైరయ్యాక గుంటూరు వచ్చేశాను. ఆ ఒక్క ప్రమాదం సంగతి కాదు, ఇలాంటి చిన్న విమానాలన్నిటి గురించి చెబుతాను. గన్నవరంలో మీరు చూసే ఏటీఆర్‌లకీ ఎయిర్‌బస్‌లకీ రెండు ఇంజిన్లు. ఒకటి ఆగినా రెండోదాంతో పైకి వెళ్లి, చుట్టు తిరిగి దిగుతాయి. చిన్న శిక్షణ విమానానికి ఉన్నదే ఒకటి. అది మూడు నాలుగు వందల అడుగుల ఎత్తులో ఆగిందనుకోండి. ముక్కు పైకి ఉంటుంది, వేగం తక్కువ. ఏం జరిగిందో అర్థమయ్యేలోపే రెండు మూడు సెకన్లు పోతాయి. అప్పుడు వెనక్కి తిప్పాలంటే రెక్క బాగా వాల్చాలి. వేగం మరీ తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవు, దాన్నే స్టాల్ అంటారు. 45 డిగ్రీలు వాలిస్తే స్టాల్ అయ్యే వేగం దాదాపు 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీలైతే 41 శాతం. అంటే వేగం లేనప్పుడే ఎక్కువ వేగం కావాల్సి వస్తుంది. లిఫ్ట్ (రెక్కలు పైకి మోసే బలం) పోయి ఒక రెక్క కిందికి జారిందంటే సరిచేసుకోవడానికి కింద ఎత్తే ఉండదు. అందుకే ముక్కు దించి, వేగం నిలబెట్టుకుని, ఎదురుగా కనిపించే పొలంలోనో ఖాళీ జాగాలోనో దించమని నేర్పుతారు. వెనక్కి రాలేదని పైలట్‌ని తప్పుపట్టేవాళ్లని చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

నేను పనిచేసింది హెచ్‌పీటీ-32 దీపక్‌ల మీద, అవి ఎయిర్‌ఫోర్స్ వాళ్ల ఒకే ఇంజిన్ శిక్షణ విమానాలు. ఇంధనం సరిగా అందక గాల్లో ఇంజిన్ ఆగడం దాని పెద్ద జబ్బు. ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరేసి కాపాడే ఎజెక్షన్ సీటు లేదు. 17 ప్రమాదాల్లో 19 మంది పైలట్లు పోయారు. 2009 జులైలో అనుభవమున్న ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చనిపోయాక గానీ వాటిని నిలిపేయలేదు. ఇంత ఆలస్యం చేయకూడదని ఇప్పటికీ అంటాను. ఇంధనంలో నీళ్లు కలిసినా ఇంజిన్ ఆగొచ్చు కాబట్టి, రోజూ తెల్లవారకముందే ట్యాంకు కింది నుంచి కాస్త ఇంధనం గాజు సీసాలోకి తీసి, టార్చి వెలుగులో చూసేవాళ్లం. అడుగున ఒక్క నీటి బొట్టు మెరిసినా మళ్లీ తీయాల్సిందే. ఎవరు ఎంత తొందరపెట్టినా సరే.

తమ్ముడికి ఒక మాట చెప్పండి. ఎగిరే ముందు ఇన్‌స్ట్రక్టర్ "ఇంజిన్ ఆగితే ఫలానా వైపు దించుతాను" అని బయటికి చెప్పుకుంటారు, శ్రద్ధగా వినమనండి. చెప్పకపోతే మొహమాటపడకుండా అడగమనండి. అమ్మగారికి ఇంకా భయంగా ఉంటే ఒకసారి గుంటూరు తీసుకురండి, కూర్చుని మాట్లాడుకుందాం.