మన్యంలో సామలు, చోళ్లు తినడం ఎందుకు తగ్గింది?

పాడేరు, అరకు కొండల్లో గిరిజనుల పళ్లెంలో సామలు, చోళ్లు (రాగులు) తగ్గడానికి ముఖ్య కారణం చవకగా దొరికే రేషన్ బియ్యం, దానికి తోడు కాఫీ లాంటి డబ్బు పంటలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. సామలైతే దంచి, చెరిగి పొట్టు తీయాలి. ఆ చాకిరీ ఎక్కువగా ఆడవాళ్లదే. బియ్యం కడిగి పొయ్యి మీద పెడితే చాలు.

నష్టం మాత్రం చిన్నది కాదు. ఉదాహరణకు 100 గ్రాముల చోళ్లలో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు, తెల్ల బియ్యంలో 10 చుట్టూ. పైగా చోళ్లు వానాధారంతోనే పండుతాయి, వరికి నీళ్లు ఎక్కువ కావాలి.

గిరిజనులకు పాత తిండి రుచించడం లేదనుకోవడం పొరపాటు. చోడి అంబలి అక్కడ ఇప్పటికీ కాస్తారు.