పన్నెండో ఎత్తుకే చేతులు కలిపేస్తే?

ప్రశ్న: సార్, మా అబ్బాయికి పదమూడేళ్లు. ఈమధ్య ఓ ఓపెన్ చెస్ టోర్నీ చివరి రౌండులో, వాడికన్నా మూడొందల రేటింగ్ ఎక్కువున్న కుర్రాడితో పన్నెండో ఎత్తుకే డ్రా చేసుకుని బయటికొచ్చేశాడు. డ్రా అడిగింది ఆ కుర్రాడే. రేటింగ్ పెరుగుతుంది కదా అని మేం సంబరపడ్డాం. కోచ్ మాత్రం మొహం మాడ్చుకున్నారు. మా ఆయనైతే, “డ్రాకి సున్నా ఇస్తే అందరూ బుద్ధిగా ఆడతారు, లేదా ఫుట్‌బాల్‌లోలాగా గెలుపుకి మూడు, డ్రాకి ఒకటి పెట్టాలి” అంటున్నారు. మీరేమంటారు?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ముందు లెక్క చూద్దామమ్మా. మీవాడి రేటింగ్ 1500, అవతలి కుర్రాడిది 1800 అనుకుందాం. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) పట్టిక ప్రకారం ఆ గేములో మీవాడి నుంచి ఆశించేది 0.15 పాయింటు. డ్రాకి వచ్చింది అర పాయింటు, అంటే 0.35 ఎక్కువ. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి కే విలువ, అంటే ఈ తేడాని గుణించే అంకె, 40 కాబట్టి 14 రేటింగ్ పాయింట్లు. పన్నెండు ఎత్తులకి పద్నాలుగు పాయింట్లొస్తుంటే ఏ పిల్లాడు వద్దంటాడు? వాణ్ని తిట్టకండి.

అయితే 1800 ఆటగాడు డ్రా ఎందుకడిగాడో మీరెవరూ ఆలోచించినట్టు లేదు. ఆ డ్రాతో అతని రేటింగ్ తగ్గుతుంది. అయినా అడిగాడంటే అర పాయింటుతో ప్రైజు ఖాయమవుతుందేమో, బుకోల్జ్ (పాయింట్లు సమానమైతే ప్రత్యర్థుల స్కోర్లని బట్టి ర్యాంకు తేల్చే లెక్క) కూడా ముందే చూసుకుని ఉంటాడు. లేదా బోర్డు మీద మీవాడి పొజిషన్ అతనికి నచ్చి ఉండదు. రెండింట్లో ఏదైనా సరే, అవసరం అతనిది. ఎంట్రీ ఫీజు కట్టి, బస్సెక్కి వెళ్లి, తనకన్నా బలమైనవాడితో మూడు గంటలు కూర్చునే అవకాశాన్ని మీవాడు వదిలేసుకున్నాడు. కోచ్‌గారి బాధ అదీ.

ఇక మీవారి మొదటి సలహా, డ్రాకి సున్నా. ఇది కొత్తదేం కాదు, ప్రపంచ చాంపియన్‌షిప్‌లోనే అమలైంది. 1984 సెప్టెంబరులో మాస్కోలో కార్పోవ్, కాస్పరోవ్‌ల మ్యాచ్ మొదలైంది. డ్రాలు లెక్కలోకి రావు, ముందుగా ఆరు గేములు గెలిచినవాడే విజేత, ఎన్ని గేములైనా ఆడొచ్చు. డ్రాకి విలువ లేదు గనక ఇద్దరూ కొట్టుకు చావాలి కదా? 48 గేములాడితే 40 డ్రాలు. మధ్యలో వరసగా పదిహేడు! ఓటమి ఒక్కటే నష్టమైనప్పుడు డ్రా మీద డ్రా చేసుకుంటూ అవతలివాడు అలిసిపోయేదాకా కూర్చోవచ్చు. కార్పోవ్ 5-3 ఆధిక్యంలో ఉండగా, 1985 ఫిబ్రవరిలో ఫిడే అధ్యక్షుడు కాంపొమానెస్ మ్యాచ్‌ని ఆపేశాడు. అంతకుముందు 1927లో కాపాబ్లాంకా, అలెఖిన్‌ల మధ్య ఇదే పద్ధతిలో 34 గేములు జరిగితే అందులో 25 డ్రాలే.

రెండో సలహా, 3-1-0. బిల్బావో టోర్నీలో 2008లో, లండన్ క్లాసిక్ టోర్నీలో 2009లో పెట్టి చూశారు. చూసేవాళ్లకి బాగానే ఉంటుంది. నాకు మాత్రం ఇందులో దొంగతనానికి తలుపు తెరిచి పెట్టినట్టు కనిపిస్తుంది. ఇద్దరు రెండుసార్లు తలపడే టోర్నీలో రెండూ నిజాయితీగా డ్రా చేసుకుంటే చెరి రెండు పాయింట్లు. అదే “మొదటిది నీకు, రెండోది నాకు” అని కుదుర్చుకుంటే చెరి మూడు. పైగా నల్లపావులతో ఒక బంటు తక్కువై, ఐదు గంటలు పళ్లు బిగించి గేము కాపాడుకున్నవాడికి గెలుపులో మూడోవంతు ఇస్తామంటే నా మనసు ఒప్పదు. ఏనుగుల ఎండింగ్‌లో, అంటే కొద్ది పావులే మిగిలిన ఆట చివరి దశలో, ఓడిపోయే పొజిషన్‌ని డ్రాగా నిలబెట్టిన పిల్లాణ్ని చూస్తే, గెలిచినవాడికన్నా వాడే నాకు ముద్దొస్తాడు.

మరి ఏం చేయొచ్చు? 2005లో సోఫియాలో ఎం-టెల్ మాస్టర్స్ నిర్వాహకులు ఒక దారి చూపించారు: ఆటగాళ్లు తమలో తాము డ్రా మాట్లాడుకోకూడదు. అప్పటినుంచి దానికి సోఫియా రూల్స్ అనే పేరు నిలిచిపోయింది. ఫిడే నిబంధనల్లో 9.1.1 కింద ఏ నిర్వాహకుడైనా, అది మన ఊరి కల్యాణమండపంలో జరిగే టోర్నీ అయినా సరే, ఇన్ని ఎత్తులలోపు ఒప్పందపు డ్రా కుదరదని పెట్టుకోవచ్చు. ప్రాస్పెక్టస్‌లో ఒక్క వాక్యం చాలు. ఇన్నేళ్లు అర్బిటర్‌గా (చెస్‌లో అంపైర్) చేసినవాణ్ని, మనవాళ్లు ఆ వాక్యం ఎందుకు రాయరో చెప్పగలను: చివరి రౌండు తొందరగా తెమిలితే బహుమతి ప్రదానం టైముకి మొదలవుతుంది!

దీనికీ చిల్లులున్నాయి. ఒకే పొజిషన్ మూడుసార్లు వస్తే డ్రా అడిగే హక్కుంది, దాన్ని ఎత్తుల పరిమితి ఆపలేదు. బెర్లిన్ డిఫెన్స్ అనే ఓపెనింగ్‌లో ఒక ఎత్తుల వరస ఉంది. ఇద్దరు మంత్రులూ చెరో రెండు గళ్ల మధ్య తిరుగుతుంటే 14 ఎత్తులకే పని అయిపోతుంది. గ్రాండ్‌మాస్టర్లందరికీ కంఠతా వచ్చు. అలాంటప్పుడు అర్బిటర్‌కి గుండె ఉండాలి. 2023 డిసెంబరులో సమర్‌ఖండ్‌లో ప్రపంచ బ్లిట్జ్ (కొద్ది నిమిషాల్లో ముగిసే చెస్) పోటీలో దుబోవ్, నెపోమ్నియాచ్చి గుర్రాలను బోర్డంతా తిప్పి, మళ్లీ ఇంటికి తెచ్చి డ్రా అన్నారు. అర్బిటర్ ఇద్దరికీ సున్నా వేశాడు. మీవారి సున్నా అక్కడ సరిగ్గా సరిపోయింది.

ఓపిక పడితే ఏమొస్తుందో గుకేశ్‌ని చూడండి. చెన్నైలో పుట్టినా మన తెలుగింటి పిల్లాడే. 2024లో సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్, డింగ్ లిరెన్‌తో పద్నాలుగో గేము. 40 ఎత్తుల ముందు ఒప్పందపు డ్రా చెల్లదని ఆ మ్యాచ్‌లో నిబంధన ఉంది. అది దాటాక కూడా గుకేశ్ లేవలేదు. చెరో ఏనుగు, చెరో శకటు, గుకేశ్‌కి మూడు బంట్లు, డింగ్‌కి రెండు. లోకమంతా డ్రా అనుకుంటున్న పొజిషన్. 55వ ఎత్తులో డింగ్ ఏనుగుని తప్పు గడిలో పెట్టాడు, 58కి ఓటమి ఒప్పుకున్నాడు. ఆ మ్యాచ్‌లో మిగతా 13 గేముల్లో తొమ్మిది డ్రాలే, వాటిని నేను తప్పుపట్టను. కొన్నిటిలో పావులు దాదాపు అయిపోయేదాకా ఆడారు మరి.

మీవాడికి ఇంట్లో ఒక్క నియమం పెట్టండి. ఎండింగ్ వచ్చేదాకా డ్రా అడగొద్దు, ఎవరైనా అడిగితే బదులుగా తన ఎత్తు ఆడెయ్యాలి. నోటితో వద్దనక్కర్లేదు, పావు ముట్టుకుంటే చాలు, ఆఫర్ తిరస్కరించినట్టే. తను అడగాల్సొస్తే ఎత్తు వేశాక, గడియారం నొక్కేముందు అడగాలి. స్కోర్‌షీట్ మీద సమానం గుర్తు రాయాలి. ఊరికే పదేపదే అడిగితే అవతలివాణ్ని విసిగించినట్టవుతుంది, అర్బిటర్ హెచ్చరిస్తాడు. ఈ నియమం వల్ల రెండు మూడు టోర్నీల్లో రేటింగ్ తగ్గినా కంగారుపడకండి. మీవారికి కూడా చెప్పండి.

ప్రశ్న: 2024 ప్రపంచ బ్లిట్జ్ టైటిల్‌ని కార్ల్‌సన్, నెపోమ్నియాచ్చి పంచుకున్నారు. చాంపియన్‌షిప్‌లో ఇదేం పద్ధతి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: నాకూ నచ్చలేదు. ఫైనల్ 2-2 అయింది, తర్వాత మూడు గేములూ డ్రా. ఎవరైనా గెలిచేదాకా ఆడుతూనే ఉండాలన్నది నిబంధన. ఇద్దరూ చాలన్నారు, ఫిడే సరేనంది. వాళ్లు ఆడకుండా తప్పించుకున్నారని నేననను, ఏడు గేములాడారు. నిబంధన రాసినవాళ్లే దానికో ముగింపు పెట్టలేదు. నార్వే చెస్ టోర్నీలో 2019 నుంచి క్లాసికల్ (గంటల తరబడి సాగే) గేము డ్రా అయితే, ఆర్మగెడాన్ అనే తేల్చే గేము ఆడిస్తున్నారు. తెల్లపావులకి టైము ఎక్కువ, నల్లపావులకి డ్రా అయినా గెలుపే. క్లాసికల్ గేముకి అది అతకడం నాకిష్టం లేదు గానీ, కొత్త సంవత్సరం వచ్చేస్తుండగా తేలని బ్లిట్జ్ ఫైనల్‌కి మాత్రం చక్కగా సరిపోయేది.