చెన్నై మిద్దె మీద కొత్తిమీర మొలవకపోతే ముందు మట్టి వేడి చూడండి

ఏప్రిల్లో రెండుసార్లు ధనియాలు చల్లినా ఒక్క మొలకా రాలేదని, విత్తనం పాతదేమోనని అడిగారు. నా అనుమానం విత్తనం మీద కాదండి, మట్టి మీద.

మేం చెన్నైలోనే, వేళచ్చేరిలో ఉంటాం. మొదటి వేసవిలో నాకూ అచ్చం ఇదే జరిగింది. కొట్లో పాత సరుకు ఇచ్చారనే అనుకున్నాను. మా అత్తగారు మిగిలిన ధనియాలను రెండు బద్దలుగా నలిపి, రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి మంచినీళ్ల కుండ పక్కన పెట్టారు. వారం దాటాక విప్పితే తెల్లటి మొలకలు! మిద్దె మీద మొలవనివీ ఆ పొట్లంలోవే.

అప్పుడే మట్టిలో గుచ్చే థర్మామీటరు కొన్నాను. మధ్యాహ్నం రెండున్నరకు నల్ల గ్రో బ్యాగ్‌లో రెండంగుళాల లోతున 44 డిగ్రీలు! పొలంలో మట్టికి ఎండ పైనుంచే తగులుతుంది. సంచికి నాలుగు పక్కల నుంచీ, కింద కాలిన శ్లాబు నుంచీ కూడా తగులుతుంది.

కొత్తిమీర మొలకకు 20 నుంచి 25 డిగ్రీల మట్టి బాగుంటుంది. 30 దాటితే మొలక బాగా తగ్గుతుంది. సలాడ్‌లో వేసే ఆకుకూర లెట్యూస్ గింజ కూడా ఆ వేడికి మొలవకుండా ఉండిపోతుంది. బెండకు మాత్రం 30 డిగ్రీలంటే ఇష్టం. అందుకే వేసవిలో బెండ, గోంగూర, తోటకూర వేసి, కొత్తిమీరను వానలు తగ్గాక, నవంబరు చివరి నుంచి జనవరి దాకా చల్లుతున్నాను. బెంగళూరులో మా చెల్లి ఏప్రిల్లోనూ కోస్తోంది. ఆ ఊరు 900 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రికి మట్టి చల్లారుతుంది. మనకు ఆ వీలు లేదు.

కొలిచేటప్పుడు సగటు ఒక్కటే చూడకండి. పొద్దున 29, మధ్యాహ్నం 44 ఉంటే సగటు 36 చిల్లర. అది చూసి బెండకు పర్వాలేదనుకుంటాం, కానీ లేత వేరు మాడేది ఆ మధ్యాహ్నం వేళే. ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం రెండున్నరకు, గింజ పడే లోతులోనే నాలుగు రోజులు చూడండి.

ఇప్పుడే వేయాలనుకుంటే సంచులను ఇటుకల మీదికెత్తి, దగ్గర దగ్గరగా పెట్టి, చుట్టూ గోనెపట్టా కట్టండి. పైన గ్రీన్ షేడ్ నెట్, మొలక వచ్చాక మట్టి మీద రెండంగుళాల ఎండుటాకులు. మధ్యాహ్నం మిద్దె ట్యాంకు నీళ్లు మాత్రం పోయకండి, చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. సాయంత్రం బకెట్లో పట్టి ఉంచుకుని, పొద్దున్నే అవి పోయండి.