వంటింటి గోడ, అత్తగారి మౌనం

ప్రశ్న: మాది తిరుపతి. మామగారు 26 ఏళ్ల కిందట కట్టించిన ఇంట్లో నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తగారు ఉంటున్నాం. మామగారు ఇప్పుడు లేరు. వంటింటికీ హాలుకూ మధ్య ఉన్న గోడ తీసేసి వంట, భోజనం, కూర్చోవడం అన్నీ ఒకేచోట ఉండేలా మార్చుకుందామన్నాను. ఉద్యోగం నుంచి వచ్చాక రోజూ రెండు గంటలు ఆ చీకటి వంటింట్లో ఒక్కదాన్నే గడుపుతున్నాను. పూజ అల్మరా అందులోనే ఉంది, అత్తగారు మధ్యాహ్నం చాప పరచుకుని పడుకునేదీ అక్కడే. "వంటిల్లు వీధిలో పెట్టుకుంటామా?" అన్నారామె. మూడు వారాలుగా నాతో సరిగా మాట్లాడడం లేదు. మా ఆయన "మీరిద్దరే తేల్చుకోండి" అంటున్నారు. నేను అడిగింది తప్పా?

జవాబు: అమ్మా, మీరు అడిగింది తప్పు కాదు. పగలంతా పనిచేసి ఇంటికి చేరిన మనిషి, పిల్లల మాటలూ నవ్వులూ గోడ అవతలి నుంచి వినబడుతుండగా తాను మాత్రం పొయ్యి ముందు ఒంటరిగా నిలబడవలసి రావడం చిన్న బాధేమీ కాదు. అయితే ఈ బాధను మీరు అత్తగారికి ఎప్పుడైనా ఇలాగే చెప్పారా? నాకు తోచినంతవరకు ఆమె చెవిన పడింది "గోడ తీసేద్దాం" అన్న ఒక్క మాటే, ఆ గోడేమో ఆమె భర్త దగ్గరుండి కట్టించినది.

ఆమె మాటను కూడా ఒకసారి నిదానంగా ఆలోచించండి. తిరుపతిలో ఇల్లున్నవారికి చుట్టాల రాకకు వేళంటూ ఉండదని మీకు తెలియనిది కాదు. బ్రహ్మోత్సవాలకూ వైకుంఠ ఏకాదశికీ వేసవి సెలవులకూ కొండకు వెళ్లేవారు, దర్శనం చేసుకుని దిగినవారు మీ హాల్లోనే పరుపులు వేసుకుంటారు, వారికోసం తెల్లవారకముందే పులిహోర కలపవలసి వస్తుంది. అలాంటి ఇంట్లో, మగవాళ్ల కంటపడకుండా, కొంగు సర్దుకోవాలన్న ధ్యాస లేకుండా ఆమె కాళ్లు చాపుకుని కూర్చోగలిగిన చోటు ఆ వంటిల్లు ఒక్కటే. వీధిలో పెట్టడమని ఆమె అన్నది ఈ భయంతోనే అని నా నమ్మకం. మీరు నలుగురిలో ఉండడానికి ఆ గోడ తీయమంటున్నారు, ఆమె నలుగురికీ దూరంగా కాసేపు ఉండడానికి అదే గోడ కావాలంటున్నారు. రెండూ న్యాయమైనవే కనుక, కావలసినప్పుడు తెరుచుకుని అక్కర్లేనప్పుడు మూసుకునే ఏర్పాటు గురించి ఆలోచించమంటాను.

మొదట ఆ గోడ తీయదగినదో కాదో తేలాలి. పిల్లర్లు లేకుండా కట్టిన ఇళ్లలో 9 అంగుళాల గోడల మీదే స్లాబు బరువంతా ఉంటుంది. 4.5 అంగుళాల గోడ చాలావరకు అడ్డుగోడే అయినా, మందం ఒక్కటే చూసి నిర్ణయించకూడదు. మేస్త్రీ మాటతో సరిపెట్టుకోకుండా స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించి చూపించండి.

ఆయన సరేనంటే, మొత్తం పడగొట్టకుండా అత్తగారు పడుకునే మూల వైపు అయిదారు అడుగుల మేర గోడను పైదాకా అలాగే ఉంచండి. ఆమె చాప, పూజ అల్మరా ఆ మరుగునే ఉంటాయి. మిగిలిన భాగంలో మూడున్నర అడుగుల ఎత్తు గోడ వదిలి, పైన పక్కకు జరిగే గాజు తలుపులు పెట్టించుకుంటే, మీరు పొయ్యి దగ్గర నిలబడే భోజనాల బల్ల మీద చదువుకునే పిల్లలతో మాట్లాడుతూ ఉండవచ్చు. చుట్టాలు వచ్చిన రోజున తలుపు మూసి తెర లాగితే ఆమె వంటిల్లు ఆమెకు ఉంటుంది. బల్లకు కుర్చీల వెనుక మూడడుగుల దారి వదలడం మరచిపోకండి. మిక్సీ, గ్రైండరు, అంట్లు తోమే పని పెరటి వైపుకు మారిస్తే హాల్లో చప్పుడు చాలా తగ్గుతుంది.

పొగ సంగతి తేలికగా తీసుకోకండి. మన ఎండుమిరపకాయల తిరగమాత ఘాటు సోఫా గుడ్డలకూ కర్టెన్లకూ పడుతుంది. చిమ్నీ గొట్టం వీలైనంత పొట్టిగా, వంపులు తక్కువగా, తప్పనిసరిగా ఇంటి బయటికి ఉండాలి. గాలిని లోపలే తిప్పి వదిలే రకం వేడినీ ఆవిరినీ బయటికి పంపదు, ఈ ఊరి ఎండల్లో ఆ వేడి హాల్లోకి వచ్చి చేరుతుంది. ఇంకొక మాట, వంటగ్యాసు గాలికంటే బరువైనది, లీకైతే నేల మీదుగా పాకుతుంది. పూజ దీపం వెలిగే ఇల్లు కనుక సిలిండరును బయట పెట్టించి, వంటింట్లో నేలకు దగ్గరగా గాలి పోయే జాలీ ఉంచండి.

ఇక మీ ఆయన విషయం. "మీరిద్దరే తేల్చుకోండి" అనడం ఆయనకు శాంతిగా అనిపిస్తున్నదేమో గాని, దానివల్లే ఈ మూడు వారాల మౌనం ఇంతగా ముదిరిందని నేను అనుకుంటున్నాను. అది ఆయన తండ్రి కట్టించిన ఇల్లు, అలిగింది ఆయన తల్లి, ఒంటరినయ్యానంటున్నది ఆయన భార్య. ఆయనే మీ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాలి. గోడ పోయాక కూడా ఆయన సోఫాలోనే కూర్చుంటే, మీరు ఒంటరిగా పనిచేయడం అందరికీ కనబడుతుందే తప్ప మీ భారం తగ్గదు. కాబట్టి లక్షలు ఖర్చు పెట్టకముందే, ఈ రాత్రి నుంచే ఆయన్నీ పిల్లల్నీ ఆ చీకటి వంటింట్లోకి పిలవండి, బీన్స్ తుంచేది ఒకరు, పళ్లాలు తుడిచేది ఒకరు. మంచి లైటు ఒకటి వేయించడానికి ఇంజినీరు అనుమతి అవసరం లేదు.

ఈ ఆదివారం మధ్యాహ్నం అత్తగారు చాప పరచుకునే వేళకు పక్కన కూర్చుని, ఈ ఇల్లు కట్టిన రోజుల సంగతులు అడగండి. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా విని, ఆ తర్వాత మీ సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయో చెప్పండి. కొలతల కాగితం ఆ రోజు బయటికి తీయవద్దు. మరో నాలుగు రోజులకు, ముగ్గుపిండితో గట్టు ఎక్కడ, బల్ల ఎక్కడ, ఆమె మూల ఎక్కడ అని నేల మీద ఆమె చేతనే గీయించండి. ఆ గీతల మధ్య వారంపాటు నడిచి చూశాకే మేస్త్రీకి కబురు చేయండి.