ప్రభుత్వ కాంట్రాక్టరుకు చట్టపరమైన చిక్కులు ఎక్కడ వస్తాయి?

విశాఖపట్నంలో పోర్టు, జీవీఎంసీ (నగరపాలక సంస్థ) పనులకు తొలిసారి టెండరు వేయబోయే చిన్న కాంట్రాక్టరు ఏయే చట్టపరమైన ప్రమాదాలు గమనించుకోవాలన్నది ప్రశ్న.

నా ఉద్దేశంలో, పని నాణ్యత కంటే కాగితాల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. అనుభవ ధ్రువపత్రం నకిలీదని తేలితే ధరావతు (టెండరుతో కట్టే డిపాజిట్) పోవడంతో ఆగదు. బ్లాక్‌లిస్టులో పెట్టవచ్చు, క్రిమినల్ కేసూ నమోదు కావచ్చు. అయితే సంజాయిషీకి అవకాశమివ్వకుండా ఎవరినీ బ్లాక్‌లిస్టు చేయరాదని సుప్రీంకోర్టు 1974లోనే తేల్చింది కనుక, షోకాజ్ నోటీసు అందిన వెంటనే గడువు చూసుకుని, ఆధారాలు జతపరచి లిఖితపూర్వకంగా జవాబివ్వాలి.

కూలీల లెక్కలు మరింత సున్నితమైనవి. సబ్ కాంట్రాక్టుకు తీసుకున్న మేస్త్రీ పీఎఫ్ ఎగ్గొట్టినా అది చివరకు మీ మెడకే చుట్టుకోవచ్చు. మస్టరు రోల్ (కూలీల హాజరు పట్టిక)లోని పేర్లకూ పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లతో జతచేసిన జాబితాలోని పేర్లకూ పొంతన లేకపోతే బిల్లు అక్కడే ఆగిపోతుంది. కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటితే 2 శాతం జీఎస్టీ టీడీఎస్ (బిల్లు చెల్లించేటప్పుడే మినహాయించే పన్ను) కోస్తారు, అది పెద్ద సమస్య కాదు.

ఇక మామూళ్ల సంగతి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం లంచం ఇచ్చినవారికీ ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. బలవంతం మీద ఇవ్వవలసి వచ్చినవారు 7 రోజుల్లోగా దర్యాప్తు సంస్థకు తెలియజేస్తేనే ఆ నేరం నుంచి మినహాయింపు లభిస్తుంది.